హ్యాంప్‌షైర్ కంట్రీ పార్కుల్లో కుటుంబంతో ఒక రోజు: ముందు రాత్రి నుంచి ఇంటికి చేరేదాకా

ఇంగ్లండ్ దక్షిణాన హ్యాంప్‌షైర్‌లో ఉన్నా, పక్కనే రెడింగ్‌లోనో గిల్డ్‌ఫర్డ్‌లోనో ఉన్నా, శుక్రవారం రాత్రి ఇంట్లో వినబడే ప్రశ్న ఒకటే: రేపు ఎక్కడికి వెళ్దాం? చాలామంది పేరున్న చోటు కోసం మూడు గంటలు కారు నడుపుతారు. పార్కింగ్ కోసం ఇంకో అరగంట తిరుగుతారు. పిల్లలు విసిగిపోయి, పెద్దవాళ్లు అలసిపోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. నన్నడిగితే అంత దూరం అక్కర్లేదు. గంట లోపు వెళ్లగలిగే కంట్రీ పార్కు ఒకటి ఎంచుకుని, రోజంతా అక్కడే నిదానంగా గడపండి. పసిపిల్లలు, స్కూలు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అందరూ కలిసి వెళ్లేటప్పుడు ఇంతకంటే సుఖమైన చోటు ఈ దేశంలో నాకు కనబడలేదు.

ఈ పార్కుల వెనక ఒక మంచి ఆలోచన ఉంది. 1968లో వచ్చిన కంట్రీసైడ్ చట్టం, ఇలాంటి పార్కులు ఏర్పాటు చేసే అధికారాన్ని స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. పట్నాల్లో ఉండేవాళ్లకు దగ్గర్లోనే అడవో గడ్డి మైదానమో నీటి ఒడ్డో దొరకాలి, కారు ఆపుకోవడానికి చోటు, టాయిలెట్లు ఉండాలి అన్నది ఉద్దేశం. మామూలుగా లోపలికి నడిచి వెళ్లడానికి టికెట్ ఉండదు, పార్కింగ్‌కే డబ్బులు కట్టాలి. అంటే కారు నిండా మనుషులు ఎక్కితే ఖర్చు అంత కలిసొస్తుంది.

1. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను బట్టి పార్కు ఎంచుకోండి

ఫొటోలు చూసి పార్కు ఎంచుకోవద్దు. మూడేళ్ల పాప కాసేపు నడిచి ఎత్తుకోమంటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పదేళ్ల వాడికి పరిగెత్తడానికి జాగా లేకపోతే బోరు. ముందు అత్తమ్మకు, పాపకు ఏది కుదురుతుందో తేల్చుకుంటే పదేళ్ల వాడికి సర్దుబాటు చేయడం తేలిక. ముందు వాడి కోసం కొండ ఎంచుకుంటే మాత్రం మిగతా ఇద్దరికీ ఆ రోజు పోయినట్టే.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది సౌతాంప్టన్ పక్కన నెట్లీలో ఉన్న రాయల్ విక్టోరియా కంట్రీ పార్క్. నేల ఎక్కువగా చదునుగా ఉంటుంది, పిల్లల్ని తోసుకెళ్లే బగ్గీ సాఫీగా కదిలే దారులున్నాయి, పెద్ద పచ్చిక బయలు ఉంది, దాని చివర సముద్రపు పాయ. కారు లేనివాళ్లకు కూడా ఇదే మేలు. సౌతాంప్టన్, పోర్ట్స్‌మత్ మధ్య రైలు దారిలో నెట్లీ స్టేషన్ ఉంది, అక్కడి నుంచి పార్కుకు నడిచి వెళ్లవచ్చు.

కాస్త నడవగలిగే పిల్లలుంటే పీటర్స్‌ఫీల్డ్‌కు దక్షిణాన, ఏ3 రోడ్డు మీద ఉన్న క్వీన్ ఎలిజబెత్ కంట్రీ పార్క్. ఆ రోడ్డు పార్కును రెండుగా చీలుస్తుంది. ఒకవైపు బీచ్ అనే జాతి చెట్ల అడవి, సైకిలు దారులు, విజిటర్ సెంటర్. రెండోవైపు 270 మీటర్ల ఎత్తున్న బట్సర్ హిల్. రెంటినీ కలుపుతూ రోడ్డు కింద నడక దారి ఉంది. తెలియని వాళ్లు కింద కారు ఆపి, పెద్దవాళ్లను కొండ ఎక్కించబోయి సగంలో ఆగిపోతారు. బట్సర్ హిల్ పైన వేరే కార్ పార్క్ ఉంది. అమ్మానాన్నలతో వెళ్తే నేరుగా పైకే వెళ్లండి. ఎక్కువ నడవకుండానే గడ్డి కొండల వరస కళ్ల ముందు ఉంటుంది, ఆకాశం తేటగా ఉన్న రోజున ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి దాకా కనబడుతుంది.

సముద్రం కావాలంటే న్యూ ఫారెస్ట్ అంచున ఉన్న లీప్. ఆరేళ్ల లోపు పిల్లలుంటే హావంట్ దగ్గరి స్టాంటన్; అక్కడ మేకల్ని, గొర్రెల్ని దగ్గరగా చూసే ఫామ్ ఉంది, దానికి మాత్రం టికెట్ వేరే. బర్స్‌ల్‌డన్ దగ్గర రివర్ హ్యాంబుల్ పార్కులో అడవిలో నడుస్తూ ఏటి దాకా వెళ్లవచ్చు. ఐదో హెన్రీ రాజు కట్టించిన గ్రేస్ డ్యూ అనే భారీ ఓడ 1439లో పిడుగు పడి కాలిపోయింది, దాని అడుగు భాగం ఇప్పటికీ ఆ ఏటి బురదలోనే ఉంది. కంటికి కనబడదు, కానీ ఓడల పిచ్చి ఉన్న పిల్లలకు ఆ సంగతి చెబితే చాలు. ఫార్న్‌బరో వైపు వాళ్లకు యేట్లీ కామన్ దగ్గర. పక్కనే బ్లాక్‌బుష్ విమానాశ్రయం, చిన్న విమానాలు నెత్తి మీదుగా వెళ్తుంటాయి.

2. రోజు, వేళ

ఎండ కాసే ఆదివారం మధ్యాహ్నం, బ్యాంక్ హాలిడే సోమవారం అందరూ అక్కడే ఉంటారు. తొమ్మిదిన్నర, పది మధ్యలో చేరితే నీడ ఉన్న బల్ల దొరుకుతుంది, పిల్లలకు ఊయల దొరుకుతుంది. మన ఇళ్లలో టిఫిన్ చేసి, స్నానాలు అయ్యి, డబ్బాలు సర్దేసరికి పదకొండు దాటుతుంది కాబట్టి టిఫిన్ కూడా పార్కులోనే పెట్టుకోండి. రాత్రే చేసిన ఇడ్లీలు, అల్లం పచ్చడి తీసుకెళ్లి పచ్చిక మీద కూర్చుని తింటే ఇంట్లో గంట మిగులుతుంది.

చలికాలం లెక్క వేరు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, డిసెంబరులో సాయంత్రం నాలుగుకే సూర్యాస్తమయం. జూన్ చివర్లో తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది. చాలా పార్కులు చీకటి పడే వేళకు గేట్లు మూస్తాయి. మూసే టైము గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. కారు లోపలికి నడిపేటప్పుడే ఒకరు దాన్ని ఫొటో తీయండి.

ఏప్రిల్ చివరి నుంచి మే సగం దాకా అడవుల్లో బ్లూబెల్స్ పూస్తాయి, చెట్ల కింద నేలంతా నీలం. ఫొటో కోసం పిల్లల్ని పూల మధ్యలో కూర్చోబెట్టొద్దు. తొక్కిన మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దారి మీద నిలబెట్టి, మీరు కిందికి వంగి తీసినా ఫొటో అంతే బాగా వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కంచెల వెంట బ్లాక్‌బెర్రీలు పండుతాయి. ఇంటి వరకు గుప్పెడు కోసుకోవచ్చు. కుక్కలు తిరిగే ఎత్తులో ఉన్నవి వదిలేసి పైవి కోయండి. పుట్టగొడుగుల జోలికి మాత్రం వెళ్లొద్దు. మన ఊళ్లో తిన్నదానిలాగే కనబడేది ఇక్కడ విషం కావచ్చు.

3. ముందు రోజు రాత్రి ఒక పది నిమిషాలు

ముందు పార్కు వెబ్‌సైట్ తెరవండి. పార్కింగ్ రేటు, డబ్బు కట్టే పద్ధతి, ఆ రోజు ఏదైనా పరుగు పందెం గానీ కార్యక్రమం గానీ ఉందా అని చూడండి. యాప్‌తో కట్టాలంటే ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దాన్ని వేసుకుని, బండి నంబరు ఎక్కించి పెట్టుకోండి. కొండల మధ్య సిగ్నల్ లేక మెషీను ముందు నిలబడిపోవడం టెన్షన్. మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో దించుకోండి. దగ్గరికి వచ్చాక సాట్‌నావ్ కంటే రోడ్డు పక్కన తెల్ల అక్షరాలతో ఉండే గోధుమ రంగు బోర్డులను నమ్మండి. పల్లె దారుల్లో పోస్ట్‌కోడ్ ఒక్కోసారి వెనక గేటుకు తీసుకెళ్తుంది.

వాతావరణంలో వాన ఒక్కటే చూసి ఊరుకోవద్దు, గాలి వేగం కూడా చూడండి. బట్సర్ మీద, లీప్ ఒడ్డున గాలికి అడ్డు ఏమీ ఉండదు. గాలి ఎక్కువగా ఉందంటే ఆ రోజుకు అడవి ఉన్న పార్కుకు మార్చుకోండి, చెట్ల మధ్య హాయిగా ఉంటుంది.

స్నేహితుల పిల్లల్ని మీ కారులో ఎక్కించుకుంటుంటే వాళ్ల కార్ సీట్లు కూడా అడగండి. పన్నెండేళ్లు నిండే దాకా గానీ, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చే దాకా గానీ సీటు తప్పనిసరి. కాసేపే కదా అని పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవడం ఇక్కడ కుదరదు, అది నిజంగా ప్రమాదం కూడా.

4. తిండి

పార్కు కెఫేల్లో టీ, కేకు, పానీని, చిప్స్ దొరుకుతాయి. మన అమ్మానాన్నలకు అవి ఒక పూటకు సరదా, భోజనానికి సరిపోవు. శాకాహారులకు వాటిలో దొరికేది ఇంకా తక్కువ.

పులిహోర ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. చల్లగా తిన్నా బాగుంటుంది, స్పూనుతో తినొచ్చు, పిల్లలు ఒలకబోసినా తుడుచుకోవడం తేలిక. అయితే అన్నం విషయంలో ఒక జాగ్రత్త. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తుంది, తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. ఉదయాన్నే వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, పులుసు కలిపి, డబ్బా చల్లబడ్డాకే మూత పెట్టి కూల్ బ్యాగులో ఐస్ ప్యాకుల మధ్య పెట్టండి. వేడి అన్నం డబ్బాలో కుక్కి మూత పెట్టడమే అసలు తప్పు. పెరుగన్నానికి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. చపాతీ, బంగాళాదుంప వేపుడు అయితే ఇంకా సులువు. రెండు ఫ్లాస్కులు పట్టండి, ఒకటి టీకి, ఒకటి ఒట్టి వేడినీళ్లకు. పెద్దవాళ్లకు చలిలో వేడినీళ్లు, పసివాళ్ల పాలకు కూడా అవే.

ఇంటి నుంచి బార్బెక్యూ పట్టుకెళ్లే ముందు ఆ పార్కులో దానికి అనుమతి ఉందో లేదో చూడండి. ఎండాకాలంలో యేట్లీ లాంటి పొదల నేల చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పార్కే చోటు చూపిస్తే తప్ప నిప్పు పెట్టొద్దు. తిన్నాక చెత్త డబ్బా నిండి ఉంటే దాని పక్కన సంచి వదిలి రాకండి, నక్కలు రాత్రికి చింపి పోస్తాయి. కారులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.

5. బట్టలు

ఒక మందపాటి కోటు కంటే మూడు పలుచటి పొరలు నయం. ఎండ వచ్చినప్పుడు ఒకటి తీయొచ్చు, వాన వస్తే పైన రెయిన్ జాకెట్ వేయొచ్చు. పిల్లలకు వెల్లీలు అనే రబ్బరు బూట్లు, కారులో ఇంకో జత సాక్సులు, ప్యాంటు. అమ్మ చీరే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి, చెప్పులకు బదులు గ్రిప్ ఉన్న షూ మాత్రం తొడగండి. తడి గడ్డి మీద, సుద్దరాయి దారి మీద చెప్పు ఇట్టే జారుతుంది. మడతపెట్టే కుర్చీ ఒకటి డిక్కీలో ఉండాలి. బెంచీ ఎక్కడ ఉంటే అక్కడ కూర్చోవడం వేరు, మనవలు ఆడుతున్న చోట కూర్చోవడం వేరు.

6. నెట్లీలో రోజు ఇలా గడపండి

పార్కుకు చేరగానే ముందు టాయిలెట్లు ఎక్కడున్నాయో చూసుకుని, పెద్దవాళ్లకు ఒక చోటు ఖాయం చేయండి. ఇక ఆ రోజంతా అదే మకాం. ఎవరు ఎటు వెళ్లినా తిరిగి అక్కడికే రావాలి. పిల్లలకు గుర్తు కావాలంటే గుమ్మటం ఉన్న ఆ పెద్ద కట్టడాన్ని చూపించండి, పచ్చికలో చాలా చోట్ల నుంచి కనబడుతుంది.

ఆ కట్టడం ఒక చాపెల్, అంటే చిన్న చర్చి, ఒకప్పటి మహా ఆసుపత్రిలో మిగిలిన ముక్క. గాయపడిన సైనికుల కోసం కట్టిన ఈ ఆసుపత్రికి 1856లో విక్టోరియా రాణి శంకుస్థాపన చేసింది, 1863లో తెరిచారు. పొడవు దాదాపు పావు మైలు. నీటి వైపు గాలీ వెలుతురూ వరండాలకు పోయి, రోగులుండే గదులు వెనక్కి తిరిగి ఉన్నాయని ఫ్లారెన్స్ నైటింగేల్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. అప్పటికే పని చాలా ముందుకు వెళ్లిపోయింది. 1966లో మిగతాదంతా కూల్చేసి చాపెల్‌ను ఉంచారు. పిల్లల్ని ఆ కట్టడం ఉన్న చోటి నుంచి రెండు వైపులా పరిగెత్తమనండి, భవనం ఎంత దూరం ఉండేదో కాళ్లకే తెలుస్తుంది.

మన హైదరాబాదు వాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సైనిక వైద్యుల బడి ఈ నెట్లీలోనే ఉండేది. రోనాల్డ్ రాస్ 1881లో ఇక్కడ శిక్షణ పొంది ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆయనే. 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఉన్నది ఆయన పేరే. బెంచీ మీద కూర్చున్న నాన్నకు, మామయ్యకు ఈ మాట చెప్పి చూడండి. అప్పటిదాకా ఊరికే పచ్చికలా కనబడిన చోటు గురించి వాళ్లే నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

మధ్యాహ్నం భోజనానికి ముందే పిల్లల్ని ఆటస్థలంలో పరిగెత్తించండి. పార్కులో చిన్న రైలు కూడా ఉంది, నడిచే రోజులు, టైములు ముందే చూసుకోండి. భోజనం అయ్యాక పెద్దవాళ్లు కునుకు తీసే వేళకు ఒకరు పిల్లలతో నీటి ఒడ్డుకు వెళ్లి గులకరాళ్లు విసురుకోవచ్చు. సౌతాంప్టన్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు ఎదురుగానే సాగిపోతుంటాయి. క్రికెట్ ఆడాలంటే మెత్తటి బంతి తీసుకెళ్లి, జనానికి దూరంగా వికెట్లు పాతండి. స్పీకర్ మాత్రం ఇంట్లో వదిలేయండి. చుట్టూ ఉన్నవాళ్లు ఆ నిశ్శబ్దం కోసమే అంత దూరం వస్తారు, కాసేపు వింటే మనకీ అదే నచ్చుతుంది.

7. లీప్‌కు వెళ్లేవాళ్లు ఆటుపోట్లు చూసుకోండి

లీప్ ఒడ్డున ఎక్కువగా గులకరాళ్లు. పోటు మీద ఒడ్డు సన్నబడిపోతుంది, నీరు తగ్గితే నడవడానికి జాగా వస్తుంది. ఈ సోలెంట్ జలసంధిలో పోటు తీరే వేరు. నీరు నిండాక చాలాసేపు తగ్గకుండా నిలబడుతుంది, తగ్గడం మొదలయ్యాక వేగంగా లాగుతుంది. ఆ లాగే వేళ పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. లైఫ్‌గార్డు ఉంటాడనుకుని నీళ్లలోకి దిగొద్దు. నీరు తగ్గాక బయటపడే బురదలోకి కూడా వెళ్లొద్దు, కాలు దిగబడితే పైకి లాగడం కష్టం.

ఒడ్డు వెంట తూర్పుగా నడిస్తే కాంక్రీటు దిమ్మెలు, పాత కట్టడాల ఆనవాళ్లు వస్తాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరం మీద దాడికి ఇక్కడ సన్నాహాలు జరిగాయి. ఫ్రాన్స్ ఒడ్డున తాత్కాలిక రేవు కోసం సముద్రంలో తేలుతూ వెళ్లే పెద్ద కాంక్రీటు పెట్టెలను ఇక్కడే పోతపోసి నీళ్లలోకి దించారు. స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం చదువుతున్న పిల్లలకు పుస్తకంలో బొమ్మ చూడటం కంటే ఈ దిమ్మె మీద చేయి పెట్టడం బాగా గుర్తుంటుంది.

8. పశువులు, పాములు, గాలిపటాలు

బట్సర్ మీద గొర్రెలు, పశువులు మేస్తుంటాయి. మధ్యలోంచి నడవకుండా పక్కగా చుట్టి వెళ్లండి, దూడ ఉంటే ఇంకా దూరం పాటించండి. తెరిచిన గేటు మూసేయండి. ఆ కొండ గాలిపటాలకు మంచి చోటు. పిల్లల పటం, మామూలు దారం చాలు. మాంజా వద్దు, తెగిన దారం గొర్రె కాళ్లకు, పక్షి రెక్కలకు చుట్టుకుంటుంది.

పొదల నేలలో యాడర్ అనే, రక్తపింజరి కుటుంబానికి చెందిన పాము ఉంటుంది. బ్రిటన్‌లో సహజంగా ఉండే విషపు పాము అదొక్కటే. మనుషుల అలికిడికే తప్పుకుంటుంది, దారి దిగి పొదల్లో చేతులు పెట్టకపోతే చాలు. కరిస్తే కాలు కదపకుండా ఉంచి 999కి ఫోన్ చేయండి. కట్టు బిగించడం, కోయడం, పీల్చడం చేయొద్దు.

9. ఇంటికొచ్చాక

ఏడాది పార్కింగ్ పాస్ మొదటి రోజే కొనకండి. రెండోసారి వెళ్లి, మూడోసారి పిల్లలే అడిగినప్పుడు కొనండి. ఆ పాస్ ఏ పార్కులకు చెల్లుతుందో చదవండి. ఉదాహరణకు ఇచెన్ వ్యాలీ పార్కును నడిపేది ఈస్ట్‌లీ కౌన్సిల్, హ్యాంప్‌షైర్ కౌంటీ కౌన్సిల్ పాస్ అక్కడ చెల్లుతుందని అనుకోవద్దు.

గడ్డిలో ఆడి వచ్చిన రోజు స్నానం చేయించేటప్పుడు పిల్లల ఒళ్లంతా చూడండి. టిక్ అనే పురుగు కొన్నిసార్లు గసగసాల గింజంతే ఉంటుంది. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. మోకాళ్ల వెనక, చంకలు, గజ్జలు, జుట్టు మొదళ్లు వెతకండి. పెద్దవాళ్లు కూడా చూసుకోవాలి. కనబడితే సన్నటి మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నెమ్మదిగా నిటారుగా పైకి లాగండి. కొబ్బరినూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాత సబ్బుతో కడిగి యాంటీసెప్టిక్ రాయండి.

అన్ని టిక్‌లూ జబ్బు తేవు. కొన్ని మాత్రం లైమ్ వ్యాధిని తెస్తాయి. మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో, ఒక్కోసారి మూడు నెలల లోపు, కుట్టిన చోట దద్దురు వలయంలా పెరుగుతుంది. మన రంగు చర్మం మీద అది ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడకపోవచ్చు, కాబట్టి వెలుతురులో చూడండి. దద్దురు వచ్చినా, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చినా జీపీకి, అంటే మీ కుటుంబ డాక్టరుకు చూపించి టిక్ కుట్టిన సంగతి మీరే చెప్పండి. అమ్మానాన్నలు ఈలోగా ఇండియాకు తిరిగి వెళ్లిపోతే అక్కడి డాక్టరుకు ఈ మాట తట్టకపోవచ్చు. అందుకే ఏ రోజు, ఏ పార్కులో కుట్టిందో వాళ్ల ఫోనులో కూడా రాసి పంపండి.